ఆశాభంగము – ఆత్మప్రత్యయము: గురజాడ, గిడుగుల కార్యచరిత్రపై ఒక పరిశీలనము

సంఘసంస్కర్తల చరిత్రలను వ్రాయువారు సాధారణముగా వారి విజయములను లెక్కించి, వానికి కారణముగా వారి ధైర్యమును, లోకహితాభిలాషను పేర్కొని విరమింతురు. కాని ఒక పురుషుని అంతఃకరణమును తెలిసికొనుటకు అతని విజయములకంటె పరాజయములే మిక్కిలి ఉపకరించును. తాను ఆశ్రయించిన ప్రభువు గతించి, తాను గౌరవించిన పండితమండలి తన పక్షమును త్రోసిపుచ్చి, విద్యాసంస్థలే తన వాదమునకు తలుపులు మూసినప్పుడు అతడు దేనిని పట్టుకొని నిలిచెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారికి ఉత్తరాంధ్ర చరిత్రలో రెండు జీవితములు చేరువలో లభించుచున్నవి. ఒకటి విజయనగరమునందలి గురజాడ వేంకట అప్పారావుగారిది. రెండవది పర్లాకిమిడియందలి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిది.

వీరిరువురును సమవయస్కులు. అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21వ తేదీనను, రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీనను జన్మించిరి. రామమూర్తిగారి జన్మస్థానము శ్రీముఖలింగమునకు సమీపమున వంశధారా తీరమునందలి పర్వతాలపేట. నేటి శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి. వీరి కాలమున ఈ ప్రదేశము గంజాము, విశాఖపట్టణము మండలములలో చేరియుండెను. తండ్రి గతించిన పిమ్మట రామమూర్తిగారు విజయనగరమునకు వచ్చి మహారాజావారి ఉన్నత పాఠశాలలో చదివిరి. అచ్చట అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1880లో రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. అప్పారావుగారు విజయనగరమునందే అధ్యాపకులై, పిదప సంస్థాన శాసనపరిశోధకులైరి. స్థలములు వేరైనను మైత్రి చెడలేదు.

ఇరువురకును సమానమైన అభ్యాసమొకటి కలదు. అది శాసనములను చదువుట. రామమూర్తిగారు తూర్పుగాంగుల శాసనములను పరిశోధించి, వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించిరి; కళింగనగరము ముఖలింగమేయని నిరూపించుటకు పూనుకొనిరి. శాసనమును చదువువాడు పరంపరగా వినుచున్న కథను వెంటనే నమ్మడు. అట్లని దానిని వెంటనే త్రోసివేయడు. రాయి యేమి చెప్పుచున్నదో అక్షరమక్షరము చూచును. ఈ అలవాటునే వీరిరువురును క్రమముగా మనుష్యుల విషయమునను పాటించిరి. సంఘమునందు నమ్మకము సడలిన కొలదియు వీరికి మనుష్యునియందు నమ్మకము దృఢపడెననియు, ఆ నమ్మకము భావావేశముచేత కాక పరిశీలనముచేత సంపాదించుకొన్నదనియు నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

1. శుల్కవివాహముల పట్టిక

కన్యాశుల్క నాటకమునకు మూలము కవికల్పన కంటె ముందు ఒక పట్టిక. విజయనగర ప్రభువైన ఆనందగజపతి ప్రేరణచే విశాఖపట్టణ మండలమునందలి బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల జాబితా తయారైనది. చట్టము చేయించుటయే దాని ప్రయోజనము. ఆ వివరములను అప్పారావుగారు 1897 నాటి ప్రథమ ముద్రణ పీఠికలో ఉదాహరించిరి. నమోదైన వివాహములు 1,034. వానిలో అయిదేండ్ల ప్రాయమున పెండ్లియైన బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందులకు పలికిన వెల ఒక్కొక్కరికి 350 మొదలు 400 రూపాయలు. సొమ్ము పుచ్చుకొంటిమని ఒప్పుకొనుటకు జనులు వెనుదీయుదురు గనుక ఈ సంఖ్య సంపూర్ణము కాదనియు ఆయనయే సూచించిరి.

ఈ అంకెలను చదివినవానికి సంఘముపై రోత కలుగుట సహజము. వేదాధ్యయనమును కులధనముగా భావించు కుటుంబములే ఆడుబిడ్డను అంగడి సరకుగా చూచుచుండెను. పైగా, ఇంతటి సాక్ష్యము సేకరించియు చట్టము చేయింప దలపెట్టిన యత్నము ఫలింపలేదు. అప్పారావుగారు నాటకమును చేతబట్టినది ఈ వైఫల్యము తరువాతనే. 1892 ఆగస్టులో విజయనగరమున కన్యాశుల్కము తొలిసారి ప్రదర్శితమైనది, 1897లో అచ్చుపడినది. దానిని ఆయన ఆనందగజపతికే అంకితమిచ్చిరి. ఆ సంవత్సరమే ఆ ప్రభువు గతించెను.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. చట్టము విఫలమైన చోట నాటకమును ప్రయోగించుట చిన్న మార్పు కాదు. చట్టము ప్రజల సమ్మతి కొరకు వేచియుండదు, భయముచే నడిపించును. నాటకమునకు ప్రేక్షకుని హృదయముతోనే పని. తన తప్పును తాను చూచి నవ్వగల శక్తి ప్రేక్షకునకు కలదని నమ్మనివాడు ప్రహసనము వ్రాయలేడు. కావున, ఆ పట్టికచే సంఘముపై విరక్తి చెందియు, అదే సంఘమునకు చెందిన మనుష్యులను నాటకశాలకు ఆహ్వానించుటలోనే అప్పారావుగారి విశ్వాసము తొలిసారిగా వ్యక్తమైనది.

2. రెండవ కూర్పునందలి మార్పు

ఆనందగజపతి మరణానంతరము సంస్థాన వారసత్వమును గూర్చి దీర్ఘకాలము వ్యాజ్యము నడచెను. అప్పారావుగారు రీవా మహారాణియగు అప్పలకొండమాంబగారికి ఆంతరంగిక కార్యదర్శిగా ఆ వ్యవహారమున తలమునకలైరి. న్యాయస్థానములు, వకీళ్లు, దస్తావేజులు, సాక్షులు – వీరి నడుమ ఆయన వయస్సులో విలువైన భాగము గడచెను. కన్యాశుల్కము రెండవ కూర్పు 1909లో వెలువడినప్పుడు అది ఏడంకముల మహానాటకమైయుండెను. అందు న్యాయస్థానము, దొంగసాక్ష్యము, వ్యాజ్యముపై బ్రదుకు జనులు మిక్కిలి ప్రాధాన్యమును వహించిరి. ఆయన అనుభవమే ఈ చిత్రణమునకు ముడిసరకు సమకూర్చెనని ఊహించుట అసంగతము కాదు.

ఈ కూర్పునందు ఆశాభంగము మరింత లోతునకు దిగినది. ఛాందసులు మాత్రమే దోషులైనచో సంస్కర్తకు ఊరట కలదు. తనవారు నిర్దోషులని తలపోయవచ్చును. అప్పారావుగారు ఆ ఊరటను తనకు మిగుల్చుకొనలేదు. వితంతువివాహము, వేశ్యాజననిషేధము మొదలగు సంస్కరణ పదములను నోట నింపుకొని వాని చాటున స్వార్థమును నడపువాడు గిరీశము. అనగా సంస్కరణోద్యమమే వేషముగా మారగలదని నాటకము చెప్పుచున్నది. సత్పురుషుడగు సౌజన్యారావు పంతులు సహితము మనుష్యులను జాతులుగా విభజించి చూచును. వేశ్యయన్నంతనే మొగము త్రిప్పుకొనును.

అట్లయినచో నమ్మదగినవారెవరు? నాటకము మధురవాణిని ముందు నిలుపుచున్నది. అబద్ధములు, కపటములు నడచు లోకమునందే ఆమె బ్రదుకుచున్నది. కాని ఎవనిని మోసగించవచ్చునో, ఎవనిని మోసగించరాదో ఆమెకు తెలియును. తుది ఘట్టమున సౌజన్యారావు వ్రతమును భంగపరచగల అవకాశము తన చేతికి వచ్చియు, ఆమె దానిని తానై విడిచిపెట్టును. ఆమె సౌజన్యమును ఆయన గుర్తించుటయే నాటకపు నిజమైన సమాప్తి. లోకము మారలేదు, శుల్కము ఆగలేదు, కాని ఒక మంచి మనుష్యుడు మరియొక మంచి మనుష్యురాలిని, కులవృత్తుల తెర తొలగించి, ఉన్నదున్నట్లు చూడగలిగెను. అప్పారావుగారు మనకు చూపిన ఆశ ఇంతమాత్రమే. ఇంతమాత్రమే అగుటచేత అది నమ్మదగినది.

1910లో ‘ఆంధ్రభారతి’యందు వెలువడిన ‘దిద్దుబాటు’ కథయును ఈ మార్గమునందే నడచినది. అందు భర్తను దిద్దునది సభయు కాదు, శాసనమును కాదు. చదువుకొన్న భార్య వ్రాసిపెట్టిన ఒక జాబు. 1911 నాటి ‘లవణరాజు కల’ గేయమునందును మంచిచెడ్డలు కులమున కాక మనుష్యునియందే నిర్ణయింపబడినవి. ‘దేశభక్తి’ గేయమునందు దేశమను పదమునకే మనుష్యులతో నిర్వచనము కల్పింపబడినది. పెద్ద పదములను చిన్న మనుష్యులతో కొలుచుట ఆయన చివరి అయిదేండ్ల రచనలకు సామాన్య లక్షణము.

3. సవరల భాషకు శిష్యుడైన ఉపాధ్యాయుడు

విజయనగరమున అప్పారావుగారు నాటకముచే సాధించిన దానిని, పర్లాకిమిడి కొండలయందు రామమూర్తిగారు వేరొక సాధనముచే సాధించిరి. ఆ మన్యమున నివసించు సవరలకు విద్య లేదు. వారి భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. అది తెలుగునకు గాని ఒడియాకు గాని చెందినది కాక, ముండా కుటుంబమునకు చెందిన భాష. మైదానపు వర్తకుల లెక్కలకును, అధికారుల కాగితములకును ఎదురు చెప్పగల అక్షరజ్ఞానము సవరలకు లేకుండెను.

రామమూర్తిగారు తెలుగును సవరభాషను ఎరిగిన ఒక సవరను తన ఇంట నుంచుకొని ఆ భాషను నేర్చుకొనిరి. ఈ సంగతిని చరిత్రకారులు దయాగుణమునకు ఉదాహరణముగా చెప్పుచుందురు. కాని ఇందలి విశేషము దయ కాదు. ఒక భాషను దాని వక్తనుండి నేర్చువాడు ఆ వక్త మాటనే ప్రమాణముగా గైకొనవలెను. పాఠశాలలో ఉపాధ్యాయుడైన పురుషుడు ఇంట అక్షరమెరుగని సవరకు శిష్యుడయ్యెను. ఏది సాధువో ఏది అసాధువో నిర్ణయించు అధికారము ఆ సవరది. ఎదుటివానియందు విశ్వాసమనగా అతనిపై జాలిపడుట కాదనియు, అతనికి తెలిసినది తనకు తెలియదని ఒప్పుకొనుటయనియు ఈ ఘట్టము బోధించుచున్నది.

ఈ విశ్వాసమునకు ఆయన చెల్లించిన వెల స్వల్పము కాదు. మన్యపు చలిజ్వరము సోకగా సేవించిన క్వినైను వలన ఆయనకు చెవుడు సంప్రాప్తించినది. ధ్వనులను విని విభజించుటయే వృత్తిగా గలవానికి వినికిడి పోవుట ఎంతటి విపత్తో వేరుగా చెప్పనక్కరలేదు. అయినను ఆయన సవరలకు బడులు పెట్టి, తన సొమ్ము వెచ్చించి, వారి భాషలో వాచకములను కూర్చిరి. మద్రాసు ప్రభుత్వము ఇవ్వజూపిన పారితోషికమును గ్రహింపక, ఆ ధనముతో సవరలకు పాఠశాల నెలకొల్పుడని కోరిరి. 1913లో ఆయనకు ‘రావు బహద్దూరు’ బిరుదము లభించినది. సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసునందు ముద్రితములైనవి. ఈ కృషిలో కుమారుడు సీతాపతిగారు తండ్రికి సహాయపడిరి.

సవరభాషా పరిచయమునకును, తరువాతి తెలుగుభాషా వాదమునకును దగ్గర సంబంధము కలదు. 1906 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారిగా ఈ మండలమునకు వచ్చిన యేట్సు దొర, జనులు మాటలాడు తెలుగు వేరుగాను పుస్తకములలోని తెలుగు వేరుగాను ఉండుటకు కారణమేమని ప్రశ్నించుచుండెను. అప్పటికే సవరల నోటిమాటను ప్రమాణముగా గ్రహించిన రామమూర్తిగారికి ఆ ప్రశ్న తన ప్రశ్నగానే తోచినది. సవర విషయమున న్యాయమైనది తెలుగు బాలుని విషయమున ఏల అన్యాయము కావలెను?

4. 1914

1911లో రామమూర్తిగారు ఉద్యోగమును విరమించి, భాషాకృషికే తమ కాలమును వినియోగించిరి. ఆ సంవత్సరమే మద్రాసులో ఆంధ్రసాహిత్య పరిషత్తు స్థాపితమై, జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున గ్రాంథికభాషా పక్షమును వహించెను. ఇంటర్మీడియెట్ తరగతులలో తెలుగు వ్యాసరచన ఎట్టి భాషలో ఉండవలెనను విషయమును తేల్చుటకు మద్రాసు విశ్వవిద్యాలయము ఒక ఉపసంఘమును నియమించెను. అందలి నివేదికకు భిన్నాభిప్రాయముగా అప్పారావుగారు 1914లో ఇంగ్లీషున విస్తృతమైన అసమ్మతిపత్రమును సమర్పించిరి. నిర్ణయము గ్రాంథిక పక్షమునకే లభించెను. 1915 నవంబరు 30వ తేదీన అప్పారావుగారు పరమపదించిరి.

అసమ్మతిపత్రమును వ్రాయువాని స్థితిని పరిశోధక విద్యార్థులు ఆలోచింపవలెను. ఓటమి నిశ్చయమని ఎరిగియు, అనారోగ్యముతో బాధపడుచు, ఒక ఉద్గ్రంథమునకు తగిన శ్రమతో తెలుగు గద్యచరిత్రను, బోధనపద్ధతిని, చిన్నయసూరి గద్యము పాఠ్యములలో ప్రబలిన తీరును ఆయన విమర్శించిరి. గెలుచుటకు మాత్రమే వ్రాయువాడు ఓడిన సభకు ఇంత వ్రాయడు. తన వాక్యమును తరువాతివారెవరో చదువుదురను నమ్మకము ఉన్నవాడే వ్రాయును. ఆత్మప్రత్యయము అను పదమునకు ఈ సందర్భమున సరియైన అర్థము లభించుచున్నది. తాను పొరబడనను గర్వమున కాపదము చెల్లదు. తాను చూచిన సాక్ష్యమును, సభ ఒప్పుకొనలేదను కారణముచే, చూడనట్లు నటింపలేననుటయే దాని తాత్పర్యము.

5. ఒంటరితనము – ప్రతిపక్షముపై విశ్వాసము

మిత్రుడు గతించునప్పటికి రామమూర్తిగారికి ఏబదిరెండేండ్లు. చెవులు వినబడవు, విద్యాలయముల నిర్ణయము ప్రతికూలము. అప్పుడాయన అవలంబించిన మార్గము విచిత్రమైనది. తన పక్షమువారి నడుమ కూర్చుండి ప్రతిపక్షమును నిందించుటకు మారుగా, ప్రాచీన గ్రంథములను మోసికొని ప్రతిపక్షుల సభలకే పోయి, వారు ప్రామాణికములని అంగీకరించు గ్రంథములనుండియే ప్రయోగములను చూపసాగిరి. పూర్వుల వచనరచనలలో వాడుకరూపములు కలవని ‘గద్యచింతామణి’యందును, గ్రాంథికమును సమర్థించు పండితులే తమ నియమములను పాటింపలేకున్నారని ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’నందును నిరూపించిరి. ఈ రెండవ గ్రంథపు స్వరము కటువైనదే. అయినను ఉదాహరణములను చూపువాడు ఎదుటివాని బుద్ధిపై నమ్మకమును కోల్పోయినవాడు కాడు. పండితసభలయందు ఆశ చెడినను, పండితుడు ఒంటరిగా పుస్తకమును విప్పి చూచినచో సత్యమును ఒప్పుకొనునని ఆయన తలచెను.

ఈ తలంపు వ్యర్థము కాలేదు. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షత వహించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. గ్రాంథిక వచనమున ఖ్యాతి గడించిన ఆయన జీవితపు చివరి మాసములలో వ్యావహారిక పక్షమును చేరిరి. ఆ కాలముననే రామమూర్తిగారు ‘తెలుగు’ అను మాసపత్రికను నడిపిరి. 1924లో కాకినాడయందలి ఆంధ్రసాహిత్య పరిషత్తు వ్యావహారికముపై తన నిషేధమును సడలించెను. తాపీ ధర్మారావు, చిలుకూరి నారాయణరావు ప్రభృతులు ఈ పక్షమునకు బలము చేకూర్చిరి.

6. రెండు ఆక్షేపణములు

ఇచ్చట ఇద్దరు మహనీయులను కీర్తించుటకై ప్రతిపక్షులను తక్కువ చేయుచున్నామని ఎవరైన ఆక్షేపింపవచ్చును. జయంతి రామయ్య పంతులుగారు శాసనములను శ్రద్ధతో పరిశోధించినవారు. వేదము వేంకటరాయశాస్త్రిగారు తమ ‘ప్రతాపరుద్రీయ’మున పాత్రోచితభాషను ప్రయోగించినవారు. భాష విచ్ఛిన్నమైనచో ప్రాచీన కావ్యసంపద జనులకు దూరమగునను వారి భయము కపటము కాదు. దీనిని ఒప్పుకొనినచో మన ప్రతిపాదనము మరింత బలపడును. సత్పురుషులు కూడిన సభయు తప్పు నిర్ణయము చేయగలదు. అట్టి సభపై ఆశ చెడుట ఆ సత్పురుషులపై విశ్వాసమును చెరుపనక్కరలేదు.

రెండవ ఆక్షేపణము గంభీరమైనది. సవరలను నమ్మితిమనుట మైదానపు విద్వాంసుని ఉదారతయే కాదా? సవరలు ఇందు నిమిత్తమాత్రులే కదా? దీనికి చరిత్రయే ఉత్తరమిచ్చినది. 1936లో గుణుపురపు ప్రాంతమున మంగై గొమాంగో అను సవర పెద్ద తన భాషకు ‘సొరంగ్ సొంపెంగ్’ అను ప్రత్యేక లిపిని సృష్టించెను. అది రామమూర్తిగారి కృషికి అనుబంధము కాదు; సవరల స్వతంత్ర ప్రతిభ. సవర నోటిమాటయే ప్రమాణమని నమ్మిన పండితుని సిద్ధాంతమునకు ఇంతకంటె గొప్ప నిదర్శనము ఉండబోదు.

అదే 1936లో రామమూర్తిగారికి మరియొక ఆఘాతము తగిలెను. ఏప్రిలు 1వ తేదీన ఏర్పడిన ఒడిశా రాష్ట్రమున పర్లాకిమిడి చేర్పబడెను. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరును డెబ్బదిరెండవ యేట విడిచి ఆయన రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. సవర నిఘంటువు అచ్చైనది ఆ తరువాతనే. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు ‘కళాప్రపూర్ణ’ బిరుదమునిచ్చి గౌరవించినది. 1940 జనవరి 15వ తేదీన ఆయన ప్రజామిత్ర కార్యాలయమున పత్రికా సంపాదకులకు తమ తుది విన్నపమును వినిపించిరి. వారము దినములకు, 22వ తేదీన, కన్నుమూసిరి.

7. ఉపసంహారము

పై చర్చవలన మూడంశములు తేలుచున్నవి. మొదటిది: వీరిరువురి ఆశాభంగమునకు ఆధారము కలదు. శుల్కవివాహముల పట్టిక, విశ్వవిద్యాలయ నిర్ణయము, రాష్ట్రవిభజనము – వీనిలో ఏదియు ఊహాజనితము కాదు. రెండవది: వారి విశ్వాసమునకును అట్టి ఆధారమే కలదు. ఒకరు పాత్రలను సృష్టించుటకు మనుష్యులను ఒక్కొక్కరిగా పరికించిరి. మరియొకరు ఒక సవర నోట ఒక్కొక్క ధ్వనిని గుర్తించిరి. సంఘమును మొత్తముగా చూచినప్పుడు కలిగిన నిరాశ, మనుష్యుని విడిగా చూచినప్పుడు వారికి తొలగిపోయినది. మూడవది: ఆత్మవిశ్వాసము, పరవిశ్వాసము అనునవి రెండు వేరు గుణములు కావు. ఎదుటివాడు సత్యమును గ్రహింపగలడని నమ్మినవాడే తన సాక్ష్యమును అతని ముందు పెట్టుటకు సాహసించును.

నేడు ఆంధ్రదేశమున ఆగస్టు 29వ తేదీన తెలుగు భాషా దినోత్సవము జరుగుచున్నది. సభలయందు రామమూర్తిగారి చిత్రపటమునకు పూలదండలు పడుచున్నవి. సభలపై ఆశపెట్టుకొనక, పుస్తకముల మూటతో వాని ముంగిట నిలిచిన వ్యక్తికి సభలే పూజ చేయుట చరిత్రయందలి వింత. కాని పూజతో ఉపాధ్యాయుని ఋణము తీరదు. తరగతిలో వెనుకబల్లపై కూర్చుండు విద్యార్థి నోట వచ్చు మాటను, అది పుస్తకములోనిది కాదను కారణముచే త్రోసివేయక, చెవియొగ్గి వినుటతో ఆ ఋణము తీరుట మొదలగును.